అహీహిక్‌లో ఆరేళ్లు: చపాలా ఒడ్డున మా రిటైర్మెంట్

2019 అక్టోబరులో న్యూజెర్సీలో ఇల్లు అమ్మేసి, మావారూ నేనూ మెక్సికోలోని అహీహిక్‌కి వచ్చేశాం. గ్వాదలహారా నగరానికి దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో, చపాలా సరస్సు ఒడ్డున ఉన్న ఊరు ఇది. అమెరికా, కెనడాల నుంచి రిటైరై వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు కలుసుకునే లేక్ చపాలా సొసైటీ 1955 నుంచీ నడుస్తోంది. ఆరేళ్లు కాపురం చేశాక నా మాట ఇది: ఊరు చాలా మంచిది, కానీ చవక అన్న ఒక్క మాట విని మాత్రం రావద్దు.

మాకు సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా ప్రభుత్వ పెన్షన్, డాలర్లలో వస్తుంది, ఖర్చంతా మెక్సికో కరెన్సీ పెసోల్లో. 2020 ఏప్రిల్‌లో డాలరుకి 24 పెసోల దాకా వచ్చేవి. 2024 ఏప్రిల్‌కి 17 కూడా రాలేదు. అంటే అవే డాలర్లకి చేతికొచ్చే డబ్బు దాదాపు మూడో వంతు తగ్గింది. అదే సమయంలో అద్దెలు పెరిగాయి. ఆ ఏడాది నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. అందుకే మీ బడ్జెట్‌ని డాలరుకి 16 పెసోల లెక్కన వేసుకోండి. అలా కుదిరితేనే బయల్దేరండి. మా పనమ్మాయి కుటుంబం అద్దె కట్టలేక పక్క ఊరికి మారిపోయింది. మాలాంటివాళ్లు రావడం వల్లే ఇలా అయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వాతావరణానికి మాత్రం వంక పెట్టలేను. సుమారు 1,500 మీటర్ల ఎత్తు కాబట్టి మా ఇంట్లో ఏసీ లేదు, హీటరూ లేదు. జనవరి రాత్రుల్లో రెండు దుప్పట్లు కావాలి. మే నెలలో కొండలు ఎండిపోయి దుమ్ము రేగుతుంది. జూన్‌లో వానలు మొదలవుతాయి, అవీ ఎక్కువగా రాత్రిపూటే. తెల్లారేసరికి కొండంతా పచ్చగా ఉంటుంది.

మాది కైకలూరు. ఇక్కడి సరస్సు మీద గుర్రపుడెక్క తేలుతుంటే, చలికాలంలో ఉత్తరాది నుంచి తెల్ల గూడబాతులు వచ్చి వాలుతుంటే నాకు కొల్లేరే కనిపిస్తుంది. కొల్లేటికి వచ్చిన కష్టమే దీనికీ ఉంది. గ్వాదలహారాకి తాగునీరు ఇక్కడి నుంచే తోడుతారు. వానలు తక్కువైన ఏడు నీళ్లు ఒడ్డు నుంచి ఎంత దూరం జరిగిపోతాయో 2024 మేలో చూశాను. సరస్సు కనబడుతుందని ఎక్కువ అద్దె కట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బుధవారం సంతలో చింతపండు, కొత్తిమీర, పచ్చిమిర్చి, బెంగళూరు వంకాయ అన్నీ దొరుకుతాయి. కందిపప్పు మాకు దొరకలేదు. ఇక్కడ హమైకా అని ఎర్రటి ఎండు రేకులు అమ్ముతారు, వాటితో షర్బత్ చేసుకుంటారు. నోట్లో వేసుకోగానే తెలిసిపోయింది, అవి మన ఎర్ర గోంగూర కాయల మీది రేకులు! నానబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి నూరాను. అన్నంలో కలిపి మొదటి ముద్ద తినగానే మావారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వైద్యం గురించి జాగ్రత్తగా వినండి. అమెరికాలో పెద్దవయసువాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇక్కడి ఖర్చులకు పనికిరాదు. 2022లో మావారికి పిత్తాశయం ఆపరేషన్ అవసరమైంది. ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, ముందు కార్డు మీద పెద్ద మొత్తం కట్టించుకుని గానీ చేర్చుకోలేదు. డాక్టరు మాత్రం ఎంతో ఓపికగా చూశారు, మొత్తం బిల్లు అమెరికాతో పోలిస్తే చిన్నదే. కానీ ఆ డబ్బు ఆ క్షణాన చేతిలో ఉండాలి. అయినా మేము మెడికేర్ పార్ట్ బి, అంటే డాక్టరు ఖర్చులకు నెలనెలా ప్రీమియం కట్టే భాగం, వదులుకోలేదు. మానేసి మళ్లీ చేరితే, లేకుండా గడిపిన ప్రతి 12 నెలలకూ ప్రీమియం 10 శాతం పెరుగుతుంది.

వీసా పని మెక్సికన్ కాన్సులేట్‌లో మొదలుపెట్టాలి. మొదట ఏడాదికి, తర్వాత పొడిగింపుతో నాలుగేళ్ల వరకు తాత్కాలిక నివాసం ఇస్తారు. ఆ తర్వాతే మాకు శాశ్వత నివాసం వచ్చింది.

స్పానిష్ నేర్చుకోకుండా కూడా రోజులు గడిచిపోతాయి. మొదటి రెండేళ్లు మేమూ అలాగే ఉన్నాం, ఆ రెండేళ్లూ అతిథుల్లాగే మిగిలిపోయాం. భాష వచ్చాకే పక్కింటావిడ తలుపు తట్టి జామపళ్లు ఇవ్వడం మొదలైంది. నేను పులిహోర పంపితే ఇప్పుడు వాళ్ల మనవడు గిన్నె కడిగి తెచ్చి, ఇంకా ఉందా అని అడుగుతాడు.