ఏలేశ్వరం వైపు నుంచి శ్రీశైలం: మా మొదటి లాంచీ ప్రయాణం

శ్రీశైలం మేము ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. ప్రతిసారీ ఒకటే దారి. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో బస్సెక్కడం, కడ్తాల్, ఆమనగల్లు, డిండి, మన్ననూరు, ఆ తర్వాత అడవి, ఘాట్ మలుపుల్లో అమ్మకు కడుపులో తిప్పడం. నిరుడు కార్తీకంలో మాత్రం అమ్మే అడిగింది, "ఒక్కసారి కృష్ణమ్మ మీద పోదామే, ఏలేశ్వరం దిక్కు నుంచి" అని. అంటే నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి, నది మీదుగా శ్రీశైలం డ్యామ్ కింది దాకా.

అమ్మది దేవరకొండ వైపు ఊరు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మూలల్లో ఉపద్వారాలు ఉన్నాయి. ఈశాన్యానికి ఏలేశ్వరం. పదేళ్ల వయసులో వాళ్ల నాయనమ్మతో ఎడ్లబండిలో ఏలేశ్వరం జాతరకు వెళ్ళానని అమ్మ ఎప్పుడూ చెబుతుంటుంది. ఆ తర్వాత సాగర్ నిండింది, ఊరు మునిగిపోయింది. నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. అమ్మ పుట్టిందీ ఆ ఏడాదే.

మా ఆయన మొదట ఒప్పుకోలేదు. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన వార్త మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ టెన్షన్ నాకూ ఉంది. అందుకే టికెట్ తీసుకునే ముందు రెండు విషయాలు అడిగాను: అందరికీ లైఫ్ జాకెట్లు ఉంటాయా, వరద ఉంటే ప్రయాణం ఆపేస్తారా? రెండింటికీ సూటిగా జవాబు వచ్చాకే డబ్బు కట్టాను. మేము వెళ్ళినప్పుడు పెద్దలకు ఒకవైపు టికెట్ రెండు వేలు, భోజనం అందులోనే. మీరు వెళ్ళేముందు టూరిజం వాళ్ల దగ్గర మళ్ళీ కనుక్కోండి, రేట్లు మారుతుంటాయి.

ఈ లాంచీ ఏడాది పొడుగునా ఉండదు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. నీళ్లు అందుకు దగ్గరగా ఉంటేనే పైకంతా, అంటే శ్రీశైలం డ్యామ్ కింది దాకా, లాంచీకి లోతు దొరుకుతుంది. నీళ్లు తగ్గితే ఆ చివర రాళ్లు తేలతాయి. అలాగని పైన శ్రీశైలం గేట్లు ఎత్తి నీళ్లు వదులుతుంటే ఆ ఉరవడికి ఎదురెళ్ళడం కుదరదు. సాగర్ నిండి ఉండాలి, శ్రీశైలం గేట్లు మూసి ఉండాలి. మంచి వానలు పడిన ఏడాది ఆ రోజులు ఎక్కువగా కార్తీకం చుట్టూ వస్తాయి. ముందే తేదీ పెట్టుకుని సెలవు తీసుకోవడం కాదు, నీళ్ల వార్త చూసి బయల్దేరాలి.

హైదరాబాద్ నుంచి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున నాలుగింటికి బయల్దేరినా లాంచీ అందుతుందని మా తమ్ముడు అన్నాడు. నేను వినలేదు. పెద్దవాళ్లతో వెళ్ళేవాళ్లు ముందు రోజే వెళ్ళి సాగర్ హిల్‌కాలనీలో పడుకోండి. టూరిజం వాళ్ల హోటల్ విజయ్ విహార్‌లో రిజర్వాయర్ వైపు గది దొరికింది మాకు. తెల్లారి కిటికీ తెరిస్తే ఎదురుగా నీళ్లే నీళ్లు. ముందు రోజు సాయంత్రం బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు చూశాం. 274 ఎకరాల్లో కట్టిన ఆ ప్రాంగణాన్ని 2022లో ప్రారంభించారు. అమ్మకు నడక ఎక్కువైంది కాబట్టి మహాస్తూపం ఒక్కటే చూసి వెనక్కి వచ్చేశాం.

సాగర్ నీళ్ల మధ్య దీవిగా ఉన్న నాగార్జునకొండ విషయంలో చాలామంది పొరబడతారు. శ్రీశైలం లాంచీ కొండ దగ్గర ఆగుతుందనుకుంటారు. మాది ఆగలేదు, దూరం నుంచి చూపించి సాగిపోయింది. కొండకు వేరే లాంచీ ఎక్కాలి, దానికి వేరే రోజు పెట్టుకోవాలి. పెట్టుకోండి కూడా. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ల కిందే ఉంది. మునగక ముందు 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికిన శిల్పాలను, కట్టడాల్లో కొన్నింటిని పైకి చేర్చారు. అవి ఆ దీవి మీది మ్యూజియంలో, ఒడ్డున అనుపులో ఉన్నాయి. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

తొమ్మిది దాటాక లాంచీ కదిలింది. కదిలే ముందు ఒక కళాసీ వరసగా వచ్చి ప్రతి ఒక్కరి లైఫ్ జాకెట్ బెల్టూ లాగి చూశాడు. అమ్మది వదులుగా ఉంటే విప్పి మళ్ళీ బిగించి, "పెద్దమ్మా, దిగేదాకా తీయొద్దు" అని చెప్పి వెళ్ళాడు. నా భయం సగం అక్కడే పోయింది. పై అంతస్తుకు మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది వరసలోనే కిటికీ పక్కన కూర్చోవడం మంచిది. ఇంజిన్ శబ్దం వెనక ఎక్కువ, కాబట్టి ముందు సీట్లు పట్టుకోండి. ఎండ తగలకూడదనుకుంటే మధ్యాహ్నం దాకా కుడి చేతి వైపు నయం, అది తెలంగాణ ఒడ్డు, అమ్రాబాద్ అడవి. ఎడమ వైపు ఆంధ్ర నల్లమల.

ఏలేశ్వరం గట్టు కనపడగానే లాంచీ నడిపే సరంగు చేత్తో చూపించాడు. చుట్టూ నీళ్లు, మధ్యలో గట్టు, పైన గుడి. అమ్మ లేచి నిలబడింది. ఎక్కడ బండి విప్పారో, ఎక్కడ బొరుగులు కొనిపెట్టారో గుర్తు చేసుకోవాలని చూసింది. ఏమీ ఆనవాలు లేదు, అంతా నీళ్లే. చేతులు జోడించి, "ద్వారం దాటినం బిడ్డా" అంది. ఇన్నేళ్లు బస్సులో వెళ్ళినా ఆ మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత నది సన్నబడుతుంది. రెండు వైపులా కొండలు దగ్గరికి వస్తాయి. నీళ్ల అంచున రాయి మీద ఒక తెల్లటి చార ఉంటుంది, దానిపైన ఒక్కసారిగా పచ్చదనం మొదలవుతుంది. నీళ్లు ఎక్కడిదాకా ఎక్కి దిగాయో ఆ చారే చెబుతుంది. మొక్కజొన్న కంకి ఒలిచినట్టు పొరలు పొరలుగా విడిన రాళ్లు, వాటి సందుల్లో పాతుకున్న చెట్లు, ఎండుకొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి. ఒకచోట మలుపు తిరగగానే ఎదురుగా ఒక గుండ్రటి పుట్టి పడవ కనపడింది. అందులో ఒకాయన వల సర్దుకుంటున్నాడు, ఎదురుగా ఆయన భార్య తెడ్డు పట్టుకుని ఉంది. సరంగు వెంటనే ఇంజిన్ తగ్గించాడు. మా అల పుట్టి దాకా వెళ్ళి, దాన్ని మెల్లగా ఎత్తి దించింది. ఆమె తెడ్డు ఒకసారి అటు, ఒకసారి ఇటు వేసి నిలబెట్టింది. ఆయన వల మీంచి తల కూడా ఎత్తలేదు. వాళ్లను దాటి చాలా దూరం పోయాకే మళ్ళీ వేగం పెరిగింది. పడవ నడిపేవాళ్లు మంచివాళ్లా కాదా అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

భోజనం అన్నం, పప్పు, ఒక కూర, సాంబారు, పెరుగు. వేడిగా ఉంది, అమ్మ రెండోసారి పెట్టించుకుంది. ఫోన్ సిగ్నల్ చాలాసేపు ఉండదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. పిల్లలకు నాలుగో గంటలో విసుగు వస్తుంది, మా పక్క వరసలో ఇద్దరు పిల్లలు ఏడ్చి నిద్రపోయారు. ఆరేళ్లలోపు పిల్లలతో అయితే ఈ ప్రయాణం వద్దనే అంటాను.

కాస్త అటూ ఇటూగా ఆరు గంటల ప్రయాణం తర్వాత లింగాలగట్టు చేరాం. ఎదురుగా శ్రీశైలం డ్యామ్ నిలువుగా కనపడుతుంది, 12 గేట్లూ మూసి ఉన్నాయి. పైనుంచి ఎన్నోసార్లు చూసిన డ్యామ్‌ను కింద నది మీద నుంచి చూడటం ఇదే మొదలు. చేపలు అమ్మేవాళ్ల మధ్య నుంచి ఒడ్డెక్కాలి. అక్కడి నుంచి గుడి దగ్గరికి ఘాట్ రోడ్డు. ప్యాకేజీలో కాకుండా విడిగా వచ్చినవాళ్లు బండి ముందే మాట్లాడి ఉంచుకోండి. మమ్మల్ని ఒక జీపు అతను ముందు చెప్పిన డబ్బుకు పైన సగం అదనంగా అడిగాడు. పొద్దు వాలుతోందని ఇచ్చేశాం.

బస దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. ఫోన్‌లో బుక్ చేసినప్పుడు పెద్దావిడ ఉందని, కింది గది కావాలని రెండుసార్లు చెప్పాను. ఆ లాడ్జివాళ్లు సరే అన్నారు. తీరా వెళ్ళాక నాలుగో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. అమ్మ ఒక్కో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండో రోజు దేవస్థానం వాళ్ల సదన్‌లో కింద గది దొరికింది, శుభ్రంగా ఉంది, గుడికి దగ్గర. ఈసారి నుంచి అక్కడ దొరికితేనే వెళతాను. కార్తీక సోమవారాలు, శివరాత్రి తప్పిస్తే గది దొరకడం అంత కష్టం కాదు.

తిరుగు ప్రయాణం కూడా లాంచీలోనే చేయాలా అంటే, నా మాట వద్దని. ఒకవైపు నీళ్ల మీద, ఒకవైపు రోడ్డు మీద చాలు. అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు కాబట్టి తమ్ముడి బండిలో మధ్యాహ్నమే బయల్దేరాం. మన్ననూరు దాటాక ఉమామహేశ్వరం వెళ్ళే దారి దగ్గర అమ్మ నిద్రలోంచి లేచింది. ఎన్నిసార్లు ఆ దారి ముందు నుంచి వెళ్ళామో, ఎప్పుడూ లోపలికి తిరగలేదు. "ఈశాన్యంల వచ్చినం, ఉత్తరంల పోతున్నం. ఒక్క దీపం పెట్టి పోదాం" అంది. తమ్ముడు బండి తిప్పాడు.