మా గురువారం కూడిక హాజరు పుస్తకం: ఎనిమిదేళ్లు వాడాక

ఇది యాప్ కాదు. ఒంగోలు ట్రంక్ రోడ్డులో ఒక పుస్తకాల షాపులో కొన్న వంద పేజీల పొడుగు నోటు పుస్తకం. 2018 జనవరిలో మొదలుపెట్టా. నెలకు రెండు పేజీలు: ఎడమవైపు పేర్లు, గళ్లు, కుడివైపు ప్రార్థన మనవులు. అలా నాలుగేళ్లకు ఒక పుస్తకం సరిపోతుంది. మొదటిది 2021 డిసెంబరుతో అయిపోయింది, రెండోది 2025 డిసెంబరుతో. మూడోది కొన్నాక, పాతవి రెండూ ముందేసుకుని ఇది రాస్తున్నా. మార్కులు అడిగితే ఐదుకు మూడున్నర.

మాది టంగుటూరు దగ్గర పల్లె. సంఘంలో ఆదివారం ఆరాధన కాక, వీధుల వారీగా ఇళ్లల్లో కూడికలున్నాయి. కొందరు సెల్ గ్రూప్ అంటారు, మా పెద్దవాళ్లు కుటీర ప్రార్థన అంటారు. మా వీధిది గురువారం రాత్రి. పదకొండు ఇళ్లు, ఇరవై ఆరు పేర్లు. వారానికొక ఇల్లు వంతు. నేను బట్టలు కుట్టుకుంటా కాబట్టి టేపు, సుద్దముక్క, గళ్లు నాకు అలవాటే. అందుకేనేమో మా పాస్టరు అయ్యగారు ఈ పని నాకు అప్పజెప్పారు.

ఆదివారం చర్చిలో ఎవరు రాకపోయినా అంతగా తెలియదు. ఎనిమిది మంది కూర్చునే ముందు గదిలో ఒకరు లేకపోతే చాప మీద చోటు కనబడుతుంది. అలాంటప్పుడు పుస్తకం ఎందుకని మొదట్లో నేనూ అనుకున్నా. కానీ ఈ వారం చోటు ఖాళీ అని తెలుస్తుందే గానీ, ఎన్ని వారాల నుంచి ఖాళీ అన్నది మనసుకు గుర్తుండదు. "మొన్న వచ్చింది కదా" అనుకుంటాం. పుస్తకం తీస్తే ఆ మొన్న ఏడు వారాల కిందటిది. ఈ పుస్తకం చేసే మొదటి మేలు అదే. మన జ్ఞాపకం మీద మనకున్న నమ్మకాన్ని పోగొడుతుంది.

వరసగా మూడు గళ్లు ఖాళీ అయితే ఇంటికి వెళ్లాలి అని పెట్టుకున్నా. ఒక్క గడికే వెళితే పోలీసుల్లా ఉంటుంది. రెండు వారాలు జ్వరమో, చుట్టాలో, పెళ్లో అడ్డం పడొచ్చు. మూడోది దాటి నెలన్నర అయ్యాక వెళితే వాళ్లకు సిగ్గు మొదలైపోతుంది. "ఇన్నాళ్లూ పోకుండా ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలి" అనే మాట నేను కనీసం ఐదారుగురి దగ్గర విన్నా. ఆ సిగ్గు పుట్టకముందే వెళ్లాలి. అంతకు మించిన కిటుకేమీ లేదు.

జనవరి నుంచి మా వైపు గళ్లు ఎలాగూ ఖాళీగా ఉంటాయి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, కాల్పు మొదలైతే మంట రాత్రీ పగలూ చూసుకోవాలి. ఆకు విప్పడం, గ్రేడింగ్ పనుల్లో ఆడవాళ్లు చీకటి పడేదాకా ఉంటారు. వాళ్ల గడిలో "పొ" అని రాస్తా. మొదటి ఏడాది ఈ తేడా తెలియక, బ్యారన్ దగ్గర మంట చూసుకుంటున్న ఒకాయన దగ్గరికి వెళ్లి విశ్వాసం చల్లారిపోయిందని మాట్లాడా. "ఇక్కడ చల్లారితే ఆకు పోద్దమ్మా" అన్నాడు. ఆయన నవ్వాడు కాబట్టి బతికిపోయా.

ఇక అసలు సంగతి. ఈ ఒక్కదాని కోసమే పుస్తకం డబ్బులు గిట్టుబాటయ్యాయి.

2019లో ఒక వానరోజు కుట్టుమిషను పని లేక కూర్చుని పేజీలు వెనక్కి తిప్పా. అంతకు కొన్ని నెలల ముందు నుంచి ప్రతి గడి పైనా ఆ వారం ఎవరింట్లో కూడికో రాయడం అలవాటు చేసుకున్నా, వంతు మర్చిపోకుండా ఉండటానికి. అప్పటికి మానేసినవాళ్లు ఏడుగురు. అందులో నలుగురి గళ్లు వాళ్ల సొంత వంతు రావడానికి రెండు మూడు వారాల ముందు నుంచే ఖాళీ. మొదట కాకతాళీయం అనుకున్నా. మళ్లీ చూసుకున్నా. నలుగురివీ అంతే.

మా కూడికల్లో మొదట టీ, బిస్కెట్లు ఉండేవి. ఎవరో బజ్జీలు వేశారు. తర్వాత ఇంట్లో ఉప్మా. ఒకామె కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చికెన్ పలావు పెట్టింది. ఇంకొకరు టెంట్ హౌస్ నుంచి ఇరవై కుర్చీలు తెప్పించారు. ఎవరూ ఎవర్నీ పెట్టమనలేదు. కానీ రేకుల ఇల్లు, ఒక్క గది, రోజు కూలి ఉన్నామె తన వంతు దగ్గర పడుతుంటే ఏం చేస్తుంది? ముందు వారం నుంచే ఒంట్లో బాగాలేదంటుంది. ఆ తర్వాత వంతు దాటిపోయాక ముఖం చెల్లదు. మేమేమో ఆమె ఆత్మీయంగా వెనకబడిందని ప్రార్థన మనవుల్లో రాశాం. కుడివైపు పేజీలో నా చేతిరాతతోనే ఉంది. చదువుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

అయ్యగారితో మాట్లాడి, కూడికలో మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దని పెట్టించాం. అంత సులువుగా ఏం కాలేదు. పలావు పెట్టిన ఆమె "నా ఇంటికొచ్చిన వాళ్లకి నేను పెట్టుకోకూడదా, నా చెయ్యి కట్టేస్తారా" అని అలిగి రెండు వారాలు రాలేదు. ఆ రెండు గళ్లూ ఉన్నాయి పుస్తకంలో. ఆర్నెల్లకు గానీ సర్దుకోలేదు. రేకుల ఇంటామెకు కూడిక తన ఇంట్లో పెట్టాల్సిన పనిలేదని, పాట మాత్రం తనే ఎత్తాలని చెప్పాం. ఆమె గొంతు మా వీధిలోనే మంచి గొంతు. వచ్చింది. నలుగురిలో ముగ్గురు వచ్చారు. నాలుగో ఆమె ఇప్పుడు వేరే సంఘానికి వెళ్తోంది, సంతోషంగానే ఉంది. ఆమెను నేను మళ్లీ పిలవలేదు, పిలవను కూడా.

ఇంటికి వెళ్లే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు, ఎందుకంటే పుస్తకం దానంతట అది ఎవర్నీ తీసుకురాదు. మొదట్లో ఐదుగురం కలిసి, చేతిలో బైబిళ్లు పట్టుకుని వెళ్లేవాళ్లం. వీధిలో వాళ్లు తలుపుల్లోంచి తొంగిచూసేవాళ్లు. ఆ ఇంటామె పరువు ఏం కాను? ఇప్పుడు ఒక్కదాన్నే, లేదా తోడికోడల్ని తీసుకుని వెళ్తా. వంట అయిపోయి కాస్త తీరిగ్గా ఉండే పదకొండింటి వేళ. గుమ్మంలో మిరపకాయల తొడిమలు తుంచుతుంటే నేనూ ఒక చాటెడు ముందేసుకుంటా. "ఏంది వదినా, ఇట్టా వచ్చావు" అంటుంది. "ఊరికే, బ్లౌజు కొలత అడుగుదామని" అంటా. అది అబద్ధం కాదు, నిజంగానే అడుగుతా.

"ఎందుకు రావట్లేదు" అని అడగను. ఆ ప్రశ్నకు నిజం జవాబు ఎవరూ చెప్పరు, మోకాళ్ల నొప్పి అంటారు. గంట కూర్చుంటే మిరపకాయల మధ్యలో అసలు మాట దొర్లుతుంది. చీటీ పాటలో డబ్బులు ఆపేసినామె ఎదురుగా కూర్చుని పాట పాడలేకపోవడం. కూతురు ఇష్టపడి వేరే మతంలో పెళ్లి చేసుకోవడం. మనవిగా చెప్పిన మాట మర్నాడు బోరింగు దగ్గర వినబడటం. వీటిలో ఏదీ దేవుడి మీద అలక కాదు. అన్నీ మా మీద అలకలే. కూడుకోవడం మానొద్దని చెప్పే హెబ్రీ పత్రిక 10:25 వాక్యం వాట్సాప్‌లో పంపితే ఇవి తీరవు. వాక్యం మంచిదే. రాని మనిషికి ఒక్కదానికే పంపితే మాత్రం మొట్టికాయలా తగులుతుంది.

చీటీ గొడవ పుస్తకంతో గానీ నాతో గానీ తీరేది కాదు. సంఘ పెద్దలు కూర్చోబెట్టారు, కొంత తీరింది, కొంత తీరలేదు. ఆ ఇద్దరిలో ఒకామెను పక్క వీధి కూడికకు వెళ్లమన్నాం. ఎవరి కూడికకు వాళ్లే తిరిగి రావాలని ఒక పెద్దాయన పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. పక్క వీధిలో చాప మీద కూర్చున్నా కూర్చున్నట్టే.

ఇక పుస్తకంలో లోపాలు.

అన్నిటికంటే పెద్ద లోపం, అది చేతిలో ఉంటే చదవాలనిపిస్తుంది. 2018 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, ఏడాది మొత్తం ఎవరు ఎన్ని వారాలు వచ్చారో నేను నిలబడి చదివా. ఎక్కువ వచ్చినవాళ్లకు స్టీలు గిన్నెలు బహుమతి. తక్కువ వచ్చినవాళ్ల పేర్లూ చదివా, ప్రోత్సాహంగా ఉంటుందనుకుని. ఒకామె పేరు చివర్లో వచ్చింది, ఆరు వారాలు. ఆ ఏడాది ఆమె అత్తగారు మంచంలో ఉంది. కొత్త సంవత్సరం ప్రార్థనకు కూడా ఉండకుండా పిల్లల్ని లేపుకుని వెళ్లిపోయింది. పద్నాలుగు నెలలు రాలేదు. రెండుసార్లు క్షమాపణ చెప్పుకున్నా. ఆ రాత్రి తర్వాత పుస్తకం పైకి చదవడం, బహుమతులు ఇవ్వడం రెండూ మానేశాం.

రెండోది, కారణాలు రాసుకోవడం. ఒకప్పుడు గడిలో చిన్న అక్షరాల్లో రాసేదాన్ని: కోడలి కానుపు, కంటి ఆపరేషన్, భర్త తాగుడు. పుస్తకం ఒక వారం ఎవరింట్లోనో మర్చిపోయా. తర్వాతి వారానికి ఆ మూడో మాట ఊరంతా తెలిసింది. ఇప్పుడు చుక్క మాత్రం పెడతా. చుక్క అంటే నాకు తెలుసు, అంతే. పెన్సిల్‌తో పెడతా, సంగతి తీరాక చెరిపేస్తా.

వాట్సాప్ గ్రూపుతో పోల్చి అడుగుతారు. మా గ్రూపులో ముప్పై నాలుగు మంది. పొద్దున్నే వందనాలు, దండం బొమ్మలు, పూల బొమ్మలు. కూడికకు ఆర్నెల్లుగా రాని మనిషి కూడా రోజూ వందనాలు పెడుతుంది కాబట్టి అందరికీ ఆమె ఉన్నట్టే ఉంటుంది. కూడిక ఎవరింట్లోనో చెప్పడానికి బాగుంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా సంఘం కుర్రాడొకడు ఫోన్లో ఎక్సెల్ షీట్ పెట్టిచ్చాడు. నా ఫోన్ మారినప్పుడు అది ఎటు పోయిందో పోయింది.

2020 మార్చి చివర నుంచి లాక్‌డౌన్ పేజీలు తెల్లగానే వదిలేశా. మళ్లీ ఇళ్లల్లో కలవడం మొదలయ్యేసరికి ఇరవై ఆరులో పన్నెండు మందే. పెద్దవాళ్లు యూట్యూబ్ ప్రసంగాలకు అలవాటు పడ్డారు, కూర్చున్న చోటే వాక్యం వస్తోందిగా అన్నారు. వాళ్లను రప్పించడానికి ఏడాదిన్నర పట్టింది. ప్రసంగం బాగుంటుందని చెబితే ఒక్కరూ కదల్లేదు. "నీ మోకాలి కోసం ప్రార్థన చేస్తాం రా పిన్నీ, యూట్యూబులో ఆయనకి నీ మోకాలి సంగతి తెలియదుగా" అంటే కదిలారు.

అప్పట్లో పన్నెండు మందే ఏమిటని నేను నీరసపడుతుంటే అయ్యగారు మమ్మల్ని ఒంగోలు ప్రార్థన కొండకు తీసుకెళ్లారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జూయెట్ దొరగారు, దొరసానితో కలిపి అక్కడ ప్రార్థన చేసింది ఐదుగురే. ఆయన తర్వాతి మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. మా వైపు ఎవర్ని కదిలించినా 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం సంగతి చెబుతారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారట. నాకు మాత్రం ఆ ఐదుగురి లెక్కే ఎక్కువ పనికొచ్చింది. అందులో ఒకరు రాకపోయి ఉంటే చాప మీద ఎంత చోటు ఖాళీ అయ్యేదో!

ఇంకో లోపం ఈమధ్యే తెలిసింది. దానికే ఇంకో అర మార్కు తీసేశా. నిరుడు నవంబరులో నాకు డెంగ్యూ వచ్చి మూడు గురువారాలు మంచం మీద ఉన్నా. మొదటి వారం ఫోన్లు వచ్చాయి. మూడో వారం ఎవరూ రాలేదు. కోపం వచ్చింది, దాచుకోను. లేచి తిరిగాక పుస్తకం తీసి చూసుకున్నా. ఎనిమిదేళ్లలో ఎక్కడా నా పేరు లేదు. ఇరవై ఆరు పేర్లు రాసినదాన్ని, ఇరవై ఏడోది రాసుకోలేదు. నేను పడుకున్న మూడు వారాలూ అసలు ఎవరి గడీ నింపలేదు కూడా.

మూడో పుస్తకంలో నా పేరు నాలుగో వరసలో ఉంది. పుస్తకం నా దగ్గర లేదు. పాట ఎత్తే ఆమెకు ఇచ్చా. ఆమెకు చదవడం వచ్చు, రాయడం నెమ్మది. టిక్కు పెట్టడానికి అదేం అడ్డం కాదు. పోయిన గురువారం మిషను పని తెమలక నేను ఆలస్యంగా వెళ్లా. అప్పటికే నా గడి ఖాళీగా వదిలేసి పుస్తకం మూసేసింది.

"వచ్చాను కదే" అన్నా.

"పాట అయిపోయాక వచ్చావు వదినా" అంది.