చర్చి వీధి దర్జీ దుకాణం: పనితనమూ, ఆదివారపు తాళమూ

చిత్తూరు చర్చి వీధికి దగ్గరలో, రెండు మిషన్లూ ఒక ఇస్త్రీ బల్లా పట్టేంత గదిలో నడిచే ఒక దర్జీ దుకాణంలో నేను తొమ్మిదేళ్లుగా బట్టలు కుట్టించుకుంటున్నాను. దాని గురించి రాయాలని చాలాకాలంగా ఉన్నా, ఆ దర్జీ పనితనం గురించి మాత్రమే రాసి, ఆయన క్రైస్తవ విశ్వాసానికి ఆ ఇల్లు కట్టిన వెల గురించి వదిలేస్తే సగమే చెప్పినట్టవుతుందని ఆగాను. ఇంటి సంగతులు రాయడానికి భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం వద్దన్నారు.

చొక్కా కుట్టుకూలి 350 రూపాయలు, ప్యాంటుకు 450. కాలరు బిర్రుగా నిలవడానికి లోపల వేసే బక్రం గుడ్డను ముందే నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి వాడతారు కాబట్టి ఎన్ని ఉతుకులు పడినా కాలరు ముడుచుకోదు. పిల్లల ప్యాంట్లకు నడుము దగ్గరా కాళ్ల అంచుల దగ్గరా గుడ్డను ధారాళంగా లోపలికి మడిచి వదులుతారు. ఆ మడతలు విప్పించి మా అబ్బాయికి ఒకే యూనిఫాం రెండేళ్లు తొడిగాం. అన్నిటికంటే నాకు నచ్చినది మిగులు గుడ్డ విషయం. చాలాచోట్ల అది అడిగితే తప్ప తిరిగి రాదు, అడిగినా ఒక్కోసారి రాదు. ఇక్కడ కత్తిరించగా మిగిలిన ముక్క జానెడే అయినా, దాన్ని చుట్టగా చుట్టి, చొక్కా జేబుకు గుండుసూదితో గుచ్చి ఇస్తారు. దీంతో నాకేం పని అన్నా అని ఒకసారి అంటే, "మీది మీ దగ్గర ఉండాల గదా సార్" అన్నారు.

ఇబ్బందల్లా ఆదివారంతోనే. ఆ రోజు దుకాణం తెరవరు. షట్టరు దించుకుని లోపల కుట్టడమూ ఉండదు. శనివారం రాత్రి తొమ్మిదింటికి మిషన్ల మీద కప్పిన దుప్పటి సోమవారం పొద్దున్నే తీస్తారు. ఉద్యోగస్థులకు కొలతలివ్వడానికి తీరిక దొరికేది, జూన్‌లో బడులు తెరిచే ముందు తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేది ఆ రోజే కాబట్టి, ఈ వృత్తిలో ఉన్నవారికి అది ఎంత నష్టమో తెలుసు. క్రిస్మస్‌కు ముందరి ఆదివారం కూడా, కొత్త బట్టల కోసం ఎదురుచూసేది తన సంఘంవారే అయినా, ఆ తాళం తీయరు.

మూడేళ్ల కిందట మా తమ్ముడి నిశ్చితార్థానికి కుట్టించుకున్న ప్యాంటు రెండంగుళాలు పొడవైంది. ఆదివారం ఉదయం ఇంటికి పోయి బతిమాలితే, బైబిలు చేతపట్టుకుని ఆరాధనకు బయలుదేరుతున్న ఆయన, రేపు తెల్లవారగానే సరిచేసిస్తానన్నారు గానీ మిషను ముట్టలేదు. కొలత తప్పింది ఆయన చేతిలోనే. నేనూ క్రైస్తవుణ్ణే, అయినా ఆ రోజు ఆయన చేసింది సరైనదని ఇప్పటికీ అనలేను. విశ్రాంతి దినాన గుంటలో పడిన గొర్రెను పైకి తీయరా అని అడిగిన ప్రభువు, పది నిమిషాల కుట్టుకు అడ్డుచెబుతాడని నాకు తోచదు. మరునాడు సరిచేసి, కూలి డబ్బు మొత్తం తిరిగి చేతిలో పెట్టారు.

ఆదివారపు రాబడి కంటే బరువైన నష్టాలు వేరే ఉన్నాయి. ఒక ప్రైవేటు బడి యూనిఫాంల పని మూడేళ్లు ఈయన చేతిలోనే ఉండేది. కుట్టుకూలి కంటే ఎక్కువకు బిల్లు రాయమని అక్కడి మనిషి అడిగితే, అబద్ధపు బిల్లు మీద సంతకం పెట్టనన్నారు. పని చేజారింది, రెండో మిషను మీద కుట్టే కుర్రవాడికి జీతం ఇవ్వలేక పంపించేయవలసి వచ్చింది.

తర్వాతది కులధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గానీ క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారు వెనుకబడిన తరగతుల్లోని సీ వర్గం (బీసీ-సీ) కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషను ఉంటే అక్కడ ఉన్నది 1 శాతమే. అందుకే ఆదివారం చర్చిలో, కాగితం మీద హిందువులుగా ఉండే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బాప్తిస్మం పొంది క్రైస్తవ విశ్వాసంలో కొనసాగుతూ, రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నేను ఆ ఇళ్లను తప్పుపట్టలేను: మతం మారినంత మాత్రాన ఊళ్లో చిన్నచూపు పోదు, హోదా మాత్రం పోతుంది. ఇది అన్యాయమనే నా నమ్మకం.

ఈయన మాత్రం ఆ తీర్పు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, కూతురి పదో తరగతి అయ్యాక, దరఖాస్తులో క్రైస్తవులమనే రాయించారు. ఆ అమ్మాయికి తిరుపతి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు దక్కలేదు. ప్రైవేటు కాలేజీలో చేర్చడానికి తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు పోయింది. ఏడాదిపాటు ఆ పిల్ల తండ్రితో సరిగా మాట్లాడలేదట. ఈ మాట చెబుతూ ఆ తల్లి గుండీలు కుట్టడం ఆపలేదు. "ఆయన నమ్మకానికి ఆయన ఒక్కడే కట్టలేదు సార్, ఇల్లంతా కట్టినాము. నాకు బాధ లేదు, కానీ ముందుగా నన్నొక మాట అడిగుండాల్సింది" అని, పళ్లతో దారం తెంపి, ఇంకో గుండీ అందుకుంది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని సువార్తలో ఉంది. ఈయన తన వంతు లెక్క నిక్కచ్చిగా చూసుకున్నారు. మిగతావాళ్ల వంతు వాళ్లతో కూర్చుని చూడలేదు. ఇదే మాట ఆయనతో అన్నాను. చాలాసేపు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండి, "అవును సార్, అది నా తప్పే" అన్నారు. పత్రంలో నిజం రాయించినందుకు మాత్రం విచారించడం లేదని కూడా చెప్పారు.

ఈ దుకాణానికి వెళ్లదలచినవారు గుడ్డను కనీసం పదిరోజుల ముందు ఇవ్వండి. బడి యూనిఫాంలైతే ఏప్రిల్‌లోనే ఇవ్వండి. శుభకార్యం ఆదివారమైతే శుక్రవారమే తొడిగి చూసుకోండి. జాకెట్లు కుట్టరు. కూలి దగ్గర బేరం చేయకండి. ఈ తొమ్మిదేళ్లలో ఆయన పెంచింది రెండుసార్లే.