వాట్సాప్ గ్రూపా, యూట్యూబ్ ఛానలా?

విశాఖ మహారాణిపేటలో కూర్చునే గుండె వైద్య నిపుణుడికి రెండూ అక్కరకొచ్చేవే, కానీ ఒకే పనికి కాదు. పాడేరులో డ్యూటీ డాక్టరు ఈసీజీ కాగితాన్ని ఫోటో తీసి గ్రూపులో పెడితే, గీతలో గుండెపోటును పట్టించే ఎస్‌టీ భాగం పైకి లేచిందో లేదో ఇక్కడినుంచి నిమిషాల్లో చెప్పవచ్చు. గుండెపోటులో నిమిషాలే కండరాన్ని కాపాడతాయి. చిక్కల్లా కాగితం పైన ఉండే రోగి పేరుతోనే. దానికి బొటనవేలు అడ్డం పెట్టి ఫోటో తీసేవారు ఎందరు? పైగా 1,024 మంది దాకా పట్టే గ్రూపులో పండుగ శుభాకాంక్షల కింద కేసు కూరుకుపోతుంది.

యూట్యూబ్‌కు ఆ తొందర లేదు. స్టెంటు వేశాక మందులు ఎందుకు మానకూడదో తెలుగులో ఒక్కసారి చెప్పి పెడితే, ఏళ్ల తరబడి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. కామెంట్లలో మందుల పేర్లు అడిగేవారిని మాత్రం, మొహమాటపడకుండా, ఆసుపత్రికి రమ్మనడమే మేలు.