లెక్క వచ్చు, పద్దు రాదు: అనంతపురంలో ఒక డేటా విశ్లేషణ కేంద్రం

అనంతపురం క్లాక్ టవర్ పరిసరాల్లో, కామర్స్ పరిశోధక విద్యార్థులకు గణాంక పద్ధతులు నేర్పుతూ, కోరినవారికి రుసుము తీసుకొని విశ్లేషణ కూడా చేసిపెట్టే ఒక చిన్న కేంద్రాన్ని అకౌంటింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న నేను ఆశ్రయించాను. పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు.

బోధనకు వంక పెట్టలేము. అనేక కంపెనీల పలు సంవత్సరాల వివరాలను ప్యానెల్ డేటాగా ఎలా అమర్చాలో, ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్, రాండమ్ ఎఫెక్ట్స్ నమూనాలలో ఒకదాన్ని ఎంచుకోవడానికి హౌస్‌మన్ పరీక్ష ఫలితాన్ని ఎలా చదవాలో తెలుగులో, తొందరపడకుండా చెబుతారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేనివారి చేత ఉచితంగా దొరికే గ్రెటల్‌లోనే సాధన చేయిస్తారు.

చిక్కంతా విశ్లేషణ చేసిపెట్టే సేవలో ఉంది. నా అంశం రిటైల్ కంపెనీల మూలధన నిర్మాణం, అంటే వాటి పెట్టుబడిలో అప్పు ఎంత, యజమానుల సొమ్ము (ఈక్విటీ) ఎంత అన్నది. 2019-20లో రుణ-ఈక్విటీ నిష్పత్తి ఒక్కసారిగా పెరగడం చూసి, ఆ కంపెనీలు విస్తరణ కోసం భారీగా అప్పులు చేశాయని వారు నివేదికలో రాసేశారు. నిజానికి 2019 ఏప్రిల్ 1 నుంచి లీజుల లెక్కలకు సంబంధించిన భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 అమలులోకి రావడంతో, అంతకుముందు కేవలం అద్దె ఖర్చుగా కనిపించిన దుకాణాల లీజులు చాలావరకు బ్యాలెన్స్ షీటులో ఒకవైపు వినియోగ హక్కు ఆస్తిగా, మరోవైపు లీజు బాధ్యతగా చేరాయి. ఆ బాధ్యతను రుణంలో కలిపి లెక్కిస్తే, బ్యాంకు నుంచి కొత్తగా ఒక్క రూపాయి తీసుకోకపోయినా నిష్పత్తి పెరుగుతుంది. అద్దె స్థానంలో తరుగుదల, వడ్డీ వస్తాయి గనుక, వడ్డీ, పన్ను, తరుగుదల వంటివి తీసివేయకముందటి లాభం (ఎబిటా) కూడా మెరుగైనట్టు కనిపిస్తుంది. వార్షిక నివేదికల్లోని నోట్స్ తీసుకెళ్లి చూపించాక, లీజు బాధ్యతలను మినహాయించి, అదనపు రుసుము అడగకుండా మళ్లీ లెక్కించి ఇచ్చారు. ఆ మర్యాద మెచ్చుకోదగినదే గాని, చూపించేవాడు లేకపోతే ఆ వాక్యం అలాగే థీసిస్‌లోకి వెళ్లేది.

అధ్యాయాలు రాసిపెడతామని కూడా అంటారు. దాని జోలికి పోకూడదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో సారూప్యత 10 శాతం లోపు ఉంటే జరిమానా లేదన్న ధీమా ఇస్తారు గాని, ఆ పరిమితి పాఠ్యంలోని పోలికను కొలుస్తుందే తప్ప, వైవాలో (మౌఖిక పరీక్షలో) పరీక్షకుడు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పదు.

అడిగితే తప్ప రసీదు ఇవ్వరు, అదీ అకౌంటింగ్ విద్యార్థులకు! చలరాశుల జాబితాను గైడ్ ఆమోదించిన తరువాత, శిక్షణ వరకే చేరదలచినవారికి ఈ కేంద్రాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను.