మిద్దె మీది కలువ తొట్టి సెట్టు: తొట్టి కొనండి, మోటారు వదిలేయండి

తిరుపతి చుట్టుపక్కల నర్సరీల్లో ఇప్పుడు ‘లోటస్ పాండ్ సెట్టు’ అని ఒకటి అమ్ముతున్నారు. నల్ల ప్లాస్టిక్ తొట్టి, లోపల పెట్టే చిన్న కుండీ, ఒక దుంప, సంచిలో మట్టి మిశ్రమం, గుప్పెడు గులకరాళ్లు, ఫౌంటెన్ మోటారు, పది గప్పీ చేపలు ఇస్తారు. పైగా గుర్రపుడెక్క ఉచితం. అన్నీ ఒకేచోట దొరికాయని మోసుకొచ్చేవాళ్లే ఎక్కువ. ఇందులో తొట్టి నిజంగా మంచి సరుకు. చేపలు తప్పనిసరి. మిగిలినవాటిలో మూడు, అంటే మట్టి, మోటారు, గుర్రపుడెక్క, ఆ దుంపను బతకనివ్వవు.

ముందు తొట్టి సంగతి. మూతి 24 అంగుళాలు, అడుగు 20, ఎత్తు 15. అంచుకు రెండంగుళాలు దిగువదాకా నింపితే 80 లీటర్లు పడతాయి. ఒక్క కలువకు ఇది సరిగ్గా సరిపోయే కొలత. కొనేటప్పుడు తొట్టిని తలకిందులుగా ఎత్తి, లోపలినుంచి ఎండవైపు చూడండి. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనబడినా, ఒకచోట నలుపు పలచబడి గోధుమరంగుగా కనబడినా అది పక్కన పెట్టి ఇంకొకటి అడగండి. ఆ పలచటి చోటే నీళ్ల బరువుకు ఉబ్బి, ఎండలకు పగులుతుంది. సిమెంటు తొట్టి వేసవిలో చల్లగా ఉంటుంది, నిజమే. కానీ కొత్త సిమెంటునుంచి సున్నం దిగుతుంది. రెండు వారాలపాటు నీళ్లు మారుస్తూ, అరటిబోద ముక్కలు నానేసి, ఆ తర్వాతే చేపలు వదలాలి. పైగా మిద్దె మీదికి ఎక్కించడం ఇద్దరి పని.

బరువు విషయం ఏ నర్సరీలోనూ చెప్పరు. నీళ్లు, తడి మన్ను, తొట్టి కలిపి 90 కిలోలకు అటూ ఇటూ అవుతుంది. ఇళ్ల మిద్దెలకు ఇంజనీర్లు లెక్కలో వేసుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. ఒక్క తొట్టితో భయం లేదు. బాగుందని మూడు తెచ్చి కింది గది నడిమధ్యకు పైన పక్కపక్కన పెడితేనే చిక్కు. కింద గోడగానీ దూలంగానీ ఉన్నచోట పెట్టండి. అడుగున రెండు పొరలు గోనెపట్ట పరిస్తే గచ్చు మీది గరుకు ప్లాస్టిక్‌ను కోయదు.

తొట్టికి ఒక లోటుంది. వాననీళ్లు పోయే దారి లేదు. కార్తీకంలో ఇక్కడ పడే వానకు తొట్టి పొర్లితే చేపలు తూము దాకా కొట్టుకుపోతాయి. అంచుకు ఒకటిన్నర అంగుళం కింద నాణెమంత రంధ్రం చేసి, లోపలివైపు దోమతెర ముక్క అంటించండి.

ఇక దుంప. పేరు లోటస్సే, ఇచ్చేది కలువ. తిరుచానూరు పద్మసరోవరం ఉన్న ఊరు కాబట్టి అమ్మవారికి తామరపూలు పెట్టాలని అడిగి కొనేవాళ్లు చాలామంది. వాళ్లకు ఇది మోసమే. ఆకు చూస్తే తెలిసిపోతుంది: తామరాకు గుండ్రం, ఎక్కడా చీలిక ఉండదు, ఎదిగాక నీటికి పైకి లేచి నిలబడుతుంది, చుక్క పడితే ముత్యంలా దొర్లిపోతుంది. కలువాకు కాడ కలిసేచోటినుంచి అంచుదాకా చీలి, నీటిమీదే తేలుతుంది. దుంపలోనూ తేడా ఉంది. తామరది కణుపులు కణుపులుగా పొడుగ్గా ఉంటుంది, కలువది ముద్దగా ఉంటుంది. కలువ కొంటున్నామని తెలిసి కొంటే చింత లేదు. పగటి రకాలు పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటాయి, ఒక్కో పువ్వు మూడు నాలుగు రోజులుంటుంది. పగలంతా ఉద్యోగంలో ఉండేవాళ్లు రాత్రి పూసే ఎర్రకలువ అడగండి. చీకటి పడ్డాక విచ్చి మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటుంది. చంద్రుణ్ణి చూసి పూసేదని పెద్దలు చెప్పింది దీన్నే.

సెట్టులో వచ్చే మట్టి కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు కలిపింది. మామూలు కుండీకి బాగుంటుంది, నీళ్లకు పనికిరాదు. పొట్టు పైకి తేలుతుంది, నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, వారంలో కుళ్లు వాసన మొదలవుతుంది. దాన్ని గులాబీలకు వాడుకోండి. కలువకు కావలసింది చెరువుమన్ను. ఎండిన మన్ను ఎనిమిది కిలోలు చాలు. చేతిలో తడిపి పిసికితే ముద్ద నిలవాలి, వేళ్లకు అంటాలి. మన ఎర్రమన్ను ఒక్కటే వేస్తే ఇసుకపాలు ఎక్కువై దుంపను పట్టి ఉంచదు. రెండుపాళ్లు చెరువుమన్నుకు ఒకపాలు ఎర్రమన్ను కలపొచ్చు.

లోపలి కుండీ పది అంగుళాల వెడల్పు, ఆరు ఎత్తు. దానికి రంధ్రాలు ఉండకూడదు. అడుగున గుప్పెడు ఎముకలపొడి చల్లి, మన్ను వేసి, నీళ్లతో తడిపి చేత్తో అణచండి. బుడగలు వచ్చినంతసేపూ అణుస్తూనే ఉండాలి, లోపల గాలి మిగిలితే తర్వాత దుంపతో సహా పైకి లేస్తుంది. దుంపను నిలువుగా పెట్టి, మొలకలు వచ్చే తల మన్నుకు పైనే ఉంచండి. తల పూడిస్తే కుళ్లిపోతుంది. పైన అంగుళం మందం గులకరాళ్లు పరవండి కానీ, తల చుట్టూ రెండంగుళాలు ఖాళీ వదలండి.

లోతు కూడా లెక్క ప్రకారమే. తొట్టిలో నీళ్లు 13 అంగుళాలు, కుండీ ఆరు. అడుగునే పెడితే దుంప నెత్తిన ఏడు అంగుళాల నీళ్లు నిలుస్తాయి, లేత మొలకకు అది ఎక్కువ. కింద మూడంగుళాల ఇటుకలు పడుకోబెట్టి దానిపై కుండీ పెడితే నాలుగే మిగులుతాయి. ఐదారు ఆకులు తేలాక ఇటుకలు తీసేయండి. రోజుకు ఆరు గంటల ఎండ పడాలి. తక్కువైతే ఆకులు వస్తాయి, పువ్వు రాదు.

మోటారు ఎందుకు వద్దంటే, కలువ నిలిచిన నీటి మొక్క. సెట్టులో ఇచ్చేది 18 వాట్లది, గంటకు వెయ్యి లీటర్లు తోడగలది. 80 లీటర్ల తొట్టి నీటిని గంటకు పన్నెండుసార్లు తిప్పేస్తుందన్నమాట. పైనుంచి తుంపరలు ఆకుమీద పడుతూనే ఉంటాయి. నీళ్ల అదురుకు కాడలు నిలవవు, ఆకు పసుపెక్కి ఒరిగిపోతుంది, మొగ్గ పైకి రాకుండానే నల్లబడుతుంది. కొన్న నెలకు ‘దుంప మంచిది కాదు’ అనుకునేవాళ్ల తొట్టిలో చాలాసార్లు తప్పు మోటారుదే. నీళ్ల చప్పుడు కావాలనుకుంటే దానికి వేరే తొట్టి పెట్టుకోండి. అప్పుడు కూడా రెండు పిన్నుల ప్లగ్గును నమ్మకుండా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉన్న లైనుకే కలపండి. వైరు అతుకు నీళ్లకు దగ్గరగా ఉండకూడదు.

గప్పీలు పది అక్కర్లేదు, ఆరు చాలు. రెండు నెలల్లో అవే పెరుగుతాయి. నీటిలోని దోమ పిల్లల్ని తినేది ఇవే. డెంగీ దోమ గుడ్డునుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి నీళ్లు నింపిన రోజునుంచి ఆలస్యం చేయొద్దు. కొళాయి నీళ్లైతే క్లోరిన్ పోవడానికి ఒకరోజు మూత లేకుండా ఉంచి, చేపల కవరును పావుగంట నీటిలో తేలనిచ్చి, తర్వాత వదలండి. గుర్రపుడెక్క మాత్రం ఎండబెట్టి చెత్తలో వేయండి. తొట్టిలో ఉంచితే నెలలో నీటిని కప్పేస్తుంది, చెరువులో పారేస్తే ఆ చెరువునే మింగేస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో నల్ల ప్లాస్టిక్కే శత్రువు. మధ్యాహ్నం నీటిలో చెయ్యి పెడితే పైన నాలుగంగుళాలు వేడిగా, అడుగున చల్లగా ఉంటుంది. చేపలన్నీ కుండీ వెనక అడుగునే నక్కి ఉంటాయి. తొట్టి చుట్టూ తడి గోనెపట్ట కట్టి, పన్నెండునుంచి నాలుగుదాకా సగం నీడనిచ్చే పచ్చవల వేయండి. ఆ రోజుల్లో రోజుకు రెండు మూడు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. బోరు నీళ్లే పోస్తూపోతే తొట్టి అంచున తెల్లటి గీత కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. పదిహేను రోజులకోసారి మూడోవంతు తోడేసి కొత్తనీళ్లు పోయండి. తోడినవి మొక్కలకు మంచి ఎరువు.

సెట్టుతోపాటు ఎరువు బిళ్లలూ ఇస్తారు, బాగానే పనిచేస్తాయి. అయిపోయాక నెలకోసారి చెంచాడు డీఏపీ కాగితంలో గట్టిగా చుట్టి, దుంపకు నాలుగు వేళ్ల దూరంలో మన్నులోకి మూడంగుళాలు దించండి. నీళ్లలో చల్లితే కొద్దిరోజులకే నీళ్లు పచ్చబడతాయి, చేపలూ చస్తాయి. ఆకుమీద పేనుబంక పడితే వేపనూనె కొట్టకండి, అది చేపలకు పడదు. ఆకులు నీటిలో ముంచి కాసేపు ఉంచితే పురుగు తేలుతుంది, గప్పీలే తినేస్తాయి. ఆకునుంచి గుండ్రటి ముక్కలు కత్తిరించినట్టు పోతుంటే, తేలుతున్న ఆ ముక్కల కింద చూడండి. రెండు ముక్కల మధ్య గూడు కట్టుకుని పురుగు ఉంటుంది. చేత్తో ఏరేయడమే మందు.

కాబట్టి నర్సరీలో అడగాల్సింది తొట్టి, రంధ్రం లేని కుండీ, ఆకులున్న కలువ మొక్క, ఆరు గప్పీలు. ఈ నాలుగూ విడిగా ఇస్తారా అని ముందే బేరం తేల్చుకోండి. చాలాచోట్ల ఇస్తారు, అడగకపోతే సెట్టే చేతిలో పెడతారు. తిరుచానూరు పంచమి తీర్థం రోజుల్లో, అంటే నవంబరు, డిసెంబరులో, తొందరపడి కొన్న దుంప చలికి ముడుచుకుని కూర్చుంటుంది. ఫిబ్రవరి చివర నాటితే ఎండ ముదిరేలోపు ఆకులు నీటిని కమ్ముకుని నీడ అవే ఇస్తాయి. ఇంట్లో పాకే పిల్లలుంటే తొట్టి మూతికి ఇనుప జాలీ బిగించాకే నీళ్లు పోయండి.