కొలెస్ట్రాల్ గోలి: ఆరేళ్లు వాడాక

మాది హన్మకొండ. 2019లో చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 178 ఉందని డాక్టరు స్టాటిన్ రకం గోలి, అటోర్వాస్టాటిన్ 20 రాశారు. మూడు నెలలకు 98కి దిగింది. పని విషయంలో ఈ గోలికి వంక పెట్టడానికి లేదు. నా గొడవంతా పిక్కలతోనే.

ఏడాదిన్నర ఏ ఇబ్బందీ లేదు. తర్వాత గుండె రక్తనాళంలో కొంచెం పూడిక కనిపించిందని డోసు 40 చేశారు. నెల తిరక్కముందే తొడలు, పిక్కలు రెండు వైపులా ఒకేలా నొప్పి. వైరల్ జ్వరం తగ్గిన మర్నాడు ఒళ్లు ఎట్లుంటుందో అట్ల. పద్మాక్షి గుట్ట మెట్ల మీద రెండుసార్లు కూలబడ్డాను. మా బావ "లివర్ ఖరాబైతది, బంద్ చెయ్యి" అన్నాడు. డాక్టరుకు చెప్పకుండానే మానేశాను. రెండు వారాల్లో నొప్పి పోయిన మాట నిజం. మూడు నెలలకు ఎల్‌డీఎల్ 171! స్టాటిన్ చేసేది లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గించడమే కాబట్టి, గోలి ఆగితే లివర్ మళ్లీ పాత పనిలో పడుతుంది.

డాక్టరు బాగానే కోప్పడ్డారు. కండరాలు దెబ్బతింటే పెరిగే సీకే, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించారు. థైరాయిడ్ మందగించిన వాళ్లకు ఈ నొప్పులు ఎక్కువట. నాకు విటమిన్ డి ఒక్కటే తక్కువ, 11. దానికి మందిచ్చి, గోలి మార్చారు: రోసువాస్టాటిన్ 5. ఎల్‌డీఎల్ 104 దగ్గర ఆగింది. ఎజెటిమైబ్ 10 కలిపాక 84. ఇది స్టాటిన్ కాదు, పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా చూస్తుంది.

బావ భయపెట్టిన లివర్ సంగతికొస్తే, ఆరేళ్లలో ఒకసారి లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ కొంచెం ఎక్కువగా, 52 వచ్చింది, దానంతటదే దిగింది. షుగర్ మాత్రం అంచున ఉన్నవాళ్లకు కాస్త పెరగొచ్చు. నా మూడు నెలల సగటు 5.8 నుంచి 6.0 అయింది, రాత్రి అన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది. (అది ఇంటావిడ తీర్పు, అప్పీలు లేదు.) మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులో వచ్చి, కండరాల నొప్పి బాగా ఉంటే అదే రోజు ఆసుపత్రికి రమ్మన్నారు. అరుదు, కానీ కిడ్నీలకు ప్రమాదం.

ఇప్పుడు గుట్ట మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. ఎడమ మోకాలు మాత్రం పట్టేస్తోంది. ఒక్క కాలికే కాబట్టి దాన్ని గోలి ఖాతాలో వేయలేకపోతున్నాను.